జీర్ణ సోపాన బృందానికి సన్మానం

నేను ఒక శాలువాను. చలికి కప్పుకునే శాలువాను కాదు, సన్మానానికి కప్పే శాలువాను. ఈ రెండింటికీ తేడా తెలియకపోతే మీకింకా సన్మానం జరగలేదన్నమాట. విచారించకండి. మన ఊళ్లలో ఎప్పటికైనా అందరికీ వంతు వస్తుంది.

నన్ను కప్పేవాళ్లు నేను కశ్మీరు నుంచి వచ్చానని మైకులో చెబుతారు. నిజానికి నేను పుట్టింది సూరత్‌లో, ఒక రేకుల షెడ్డులో, మరమగ్గం మీద. రోజుకు మూడు వందల మంది తోబుట్టువులం పుట్టేవాళ్లం. మెరూన్ రంగు ఒళ్లు, రెండు వైపులా జరీ అంచు. ఆ జరీలో బంగారమెంత అని అడగడం మర్యాద కాదు. ఒంటి మీద పడితే గుచ్చుకుంటాను, ఆ సంగతి నాకూ తెలుసు. అందుకే కప్పించుకున్నవాళ్లు ఫోటో అయిపోగానే నన్ను తీసేసి, మడిచి, ఒళ్లో పెట్టుకుంటారు. నేను చెప్పబోయే సాయంత్రం దాకా ఒక మనిషి భుజాల మీద నేను గడిపిన అత్యధిక సమయం నలభై సెకన్లు. అది కూడా ఫోటోగ్రాఫరు కెమెరా మొరాయించడం వల్ల.

నన్ను విశాఖపట్నం తెచ్చింది కందర్ప అవతారం మాస్టారు. తెలుగు పండితుడిగా రిటైరయ్యారు, సాగర కళాసమితికి నలభై ఏళ్లుగా కార్యదర్శి. సమితి శాలువాలూ జ్ఞాపికలూ ఆయన ఇంట్లోనే, నడవలోని ఇనప బీరువాలో ఉంటాయి. ఆ బీరువా నుంచి నేను ఎన్నిసార్లు బయటికి వెళ్లానో, అన్నిసార్లూ తిరిగొచ్చాను. ఇందులో మాయేమీ లేదు. ఇవాళ సన్మానం పొందిన పెద్దమనిషి వచ్చే నెల ఇంకో సభకి ముఖ్య అతిథిగా వెళతాడు. వెళుతూ నన్ను చంకన పెట్టుకుపోయి ఇంకొకాయనకు కప్పుతాడు. ఆయన మరొకరికి కప్పుతాడు. ఊరు ఎంత పెద్దదైనా సన్మానాల లోకం చిన్నది కాబట్టి ఆర్నెల్లు తిరిగేసరికి మళ్లీ మాస్టారి బీరువాకే చేరతాను. ఒక కవిగారికైతే నన్ను రెండుసార్లు కప్పారు. రెండోసారి ఆయన నా అంచు మీది కాఫీ మరకను గుర్తుపట్టి, అది తనదే కాబట్టి ఏమీ అనలేక ఊరుకున్నాడు.

నా బతుకులో నిజంగా అర్హత ఉన్నవారికి కప్పబడింది ఒక్కసారే. అనకాపల్లి పశు ప్రదర్శనలో ముఖ్య అతిథి నన్ను ఒక రైతుకు కప్పబోతే, ఆ రైతు, “నాదేటుంది బాబూ, పాలిచ్చింది అది” అంటూ నన్ను తీసి గేదె మీద వేశాడు. ఆ గేదె నన్ను గౌరవంగా చూసి, నా ఎడమ మూల నమిలేసింది. అప్పటినుంచి మాస్టారు నన్ను ఆ మూల కనపడకుండా లోపలికి మడిచి పెడుతున్నారు.

బీరువా తలుపు సరిగా పడదు. ఆ సందులోంచే నాకు వకుళ పరిచయం. మాస్టారి కోడలు, నలభై తొమ్మిదేళ్ల మనిషి, టెలిఫోన్ ఆఫీసులో ఉద్యోగం. భర్త విశ్వం ఓడల మీద పనిచేస్తాడు, ఏడాదిలో ఎనిమిది నెలలు నీళ్ల మీదే. కాబట్టి ఇంట్లో మామా కోడళ్లిద్దరే. రోజూ సాయంత్రం మాస్టారు మర్నాటి ఉపన్యాసాన్ని ఆమె ముందు ఒకసారి చదువుతారు. గంట పడుతుంది. ఆమె కుర్చీ కొంచెం పక్కకి తిప్పుకుని, ఎడమ చెవి ఆయన వైపు పెట్టి, “ఊఁ” కొడుతుంది. ఎందుకలా ఒరిగి కూర్చుంటుందో ఆయన ఎన్నడూ అడగలేదు. వింటున్నారన్న నమ్మకం ఉన్నవాళ్లు అంత నిశితంగా చూడరు.

ఆమె కుడి చెవి పోయి మూడేళ్లయింది. ఎడమది పోతోంది. ఈ సంగతి నాకు తెలిసింది ఆమె భర్తతో ఫోను స్పీకరులో మాట్లాడినప్పుడు.

“వర్షాకాలం దాకా అన్నారు డాక్టరు గారు. ఆ తరవాత మిషను పెట్టుకున్నా లాభం లేదట. మావయ్య గారికి చెప్పకండి.”

“ఎందుకు చెప్పకూడదూ?”

“చెబితే నాతో మాట్లాడ్డం మానేస్తారు. ఆయన చెప్పింది వినడానికి ఇంకెవరున్నారు చెప్పండి?”

ఆమె ఇంకో మాట కూడా చెప్పింది. చెవి పోయేలోగా వినాలనుకున్నది ఒక్కటే పాట. యూనివర్సిటీ హాస్టల్లో ఉన్నప్పుడు, తొంభై అయిదులో, స్నేహితురాలు రికార్డు చేసిచ్చిన క్యాసెట్టు రెండో వైపు చివరి పాట. ఇంగ్లండులో ఏదో ఓడరేవు ఊరి బ్యాండు వాళ్లది. ఆ పాట క్యాసెట్టులో ముగియదు. పాడుతూ పాడుతూ మెల్లగా దూరమైపోయి వినపడకుండా పోతుంది. అసలు ముగింపు స్టేజీ మీద మాత్రమే వాయిస్తారట, దాన్ని ఎవరినీ రికార్డు చేయనివ్వరట. అది ఎలా ముగుస్తుందో వకుళకు ముప్పై ఏళ్లుగా తెలియదు. “నా చెవి కూడా ఆ పాటలాగే పోతోందండీ,” అని నవ్వింది. విశ్వం మాత్రం నవ్వలేదు.

ఆ బ్యాండు పేరు రస్టీ లాడర్స్. ఒకప్పుడు పెద్ద పేరు. ఇప్పుడు అరవైలు దాటి, మోకాళ్లకు కట్లు కట్టుకుని, ఆఖరి పర్యటన అని చెప్పి మూడోసారి పర్యటిస్తున్నారు. బెంగుళూరు నుంచి కలకత్తా వెళ్లేదారిలో వాళ్లకొక రోజు ఖాళీ ఉందని తెలిసి వకుళ ఉత్తరం రాసింది. పొగడ్తలేమీ రాయలేదు. నా ఎడమ చెవి వానలదాకా పనిచేస్తుంది, మీరు ఈలోగా మా ఊళ్లో ఆగగలరా, అని రాసింది. వాళ్లు ఆగుతామన్నారు.

సముద్రం ఒడ్డున మైదానంలో కచేరీ అనుకున్నారు. మార్చి నెల, ఇంటర్ పరీక్షలు, మైదానంలో మైకులు కుదరవన్నారు పోలీసులు. నాలుగు గోడల మధ్యయితే రాత్రి ఎనిమిదిన్నర దాకా పెట్టుకోవచ్చన్నారు. ఆ తేదీకి ఖాళీగా ఉన్న హాలు ఊరంతటికీ ఒకటే, సాగర కళాసమితి వారిది. వకుళ మావగారిని అడిగింది.

“దానికేం, ఇద్దాం,” అన్నారు మాస్టారు. “అయితే అమ్మాయీ, మన వేదికెక్కిన కళాకారుణ్ణి సన్మానించకుండా పంపకూడదు. అది సమితి నియమం. ఆ నియమం రాసింది నేనే.”

“ఎంతసేపు పడుతుంది మావయ్య గారూ?”

“పదిహేను నిమిషాలు.”

నేను బీరువాలో ఉలిక్కిపడ్డాను. నలభై ఏళ్లలో ఆ సమితిలో జ్యోతి వెలిగించడానికే పదిహేను నిమిషాలు పట్టింది, ఫ్యాను ఆపడం ఎవరికీ గుర్తుండదు కాబట్టి. కానీ శాలువా మాట ఎవరు వింటారు?

ఆ వారమంతా మాస్టారు సన్మాన పత్రం రాశారు. ఆ బ్యాండు గురించి ఆయనకేమీ తెలియదు. అది ఆయనకు అడ్డంకి కాలేదు. పేరు రస్టీ లాడర్స్ అంటే తుప్పు పట్టిన నిచ్చెనలని వకుళ చెబితే, “అలా బాగుండదు,” అని ‘జీర్ణ సోపాన బృందం’ అని బ్యానరు రాయించారు. పత్రం లోపలి సరుకు మాత్రం ఎనభై ఏడులో ఒక హరిదాసు గారికి రాసినదే.

ఆ రోజు ఆరింటికి హాలు నిండిపోయింది. ముందు వరసల్లో సమితి సభ్యులు, ఫ్లాస్కులతో, విసనకర్రలతో. వెనక వరసల్లో దేశం నలుమూలల నుంచి వచ్చిన రెండు వందల మంది అభిమానులు, నల్ల బనియన్లు, వాటిని ముందుకు తోస్తున్న బొజ్జలు, నెరిసిన జుట్టును వెనక్కి కట్టిన రబ్బరు బ్యాండ్లు. వీళ్లెవరో వాళ్లకి తెలియదు, వాళ్లెవరో వీళ్లకి తెలియదు. మొదటి వరసలో చివర హెడ్ కానిస్టేబులు ఎర్రన్నాయుడు గడియారం చూసుకుంటూ కూర్చున్నాడు. అతని కూతురికి మర్నాడు లెక్కల పరీక్ష.

జ్యోతి మూడుసార్లు ఆరింది. ప్రార్థన జరిగింది. తరవాత నలుగురు వక్తలు “సమయాభావం వల్ల రెండు ముక్కలే మాట్లాడతాను” అని వరసగా చెప్పి, వరసగా మాట్లాడారు. నల్ల బనియన్ల వాళ్లు ఇదంతా బ్యాండు వాళ్ల కొత్త ప్రయోగమనుకుని ప్రతి వక్తకూ ఈలలు వేశారు. మూడో వక్త తన జీవితంలో ఈల వినడం అదే మొదలు కావడంతో ఇంకో పది నిమిషాలు పొడిగించాడు. వకుళ స్టేజీ పక్కన నిలబడి ఎడమ చెవి మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఉన్న కాస్తా దాచుకుంటోందని నాకు అర్థమైంది.

ఏడున్నరకి మాస్టారు సన్మాన పత్రం చదవడం మొదలుపెట్టారు.

“మహాశయులారా! తమరు బాల్యమున వారాలు చేసుకొని విద్య నభ్యసించి, కాలినడకన గ్రామగ్రామమూ సంచరించి, కాలికి గజ్జె కట్టి, పురాణగాథలతో పామరుల నలరించి…”

సింహాసనాల్లాంటి ఎర్ర కుర్చీల్లో బ్యాండు వాళ్లు నలుగురు చేతులు కట్టుకుని కూర్చున్నారు. పాడేవాడి పేరు మార్టిన్. ఆయన వకుళ వైపు చూశాడు. వకుళ మొత్తం పత్రాన్నీ ఇంగ్లీషులో ఒక్క ముక్కలో చెప్పింది, “మీరు చాలా కష్టపడి పైకొచ్చారంటున్నారు.” మార్టిన్ కళ్లు చెమర్చాయి. నిజంగానే కష్టపడ్డాడేమో పాపం. వెనక నుంచి ఎవరో “ఒన్స్ మోర్!” అని అరిచారు. మాస్టారు అందుకు సిద్ధపడుతుంటే వకుళ గబగబా నేనున్న పళ్లెం ఆయన చేతికందించింది.

నన్ను డ్రమ్ములు వాయించే జోన్‌కు కప్పారు. పొట్టి ఆడమనిషి, తెల్ల జుట్టు, చేతుల నిండా పచ్చబొట్లు. నా తోబుట్టువుల్ని మిగతా ముగ్గురికీ కప్పారు. ఫోటోలయ్యాయి. ఇక తీసి ఒళ్లో పెట్టుకుంటారని నేను మడత పడడానికి సిద్ధమయ్యాను. తీయలేదు! తీస్తే అవమానించినట్టవుతుందని వాళ్లు భయపడ్డారు. నలభై సెకన్లు దాటింది. నిమిషం దాటింది. నలుగురూ శాలువాలతోనే, మెడలో బంతిపూల దండలతోనే లేచి వాయిద్యాలు అందుకున్నారు. విశాఖపట్నం మార్చి ఉక్కలో, ఒక మనిషి భుజాల మీద అంతసేపు ఉండడం ఏమిటో నాకు మొదటిసారి తెలిసింది. చెప్పుకుంటే సిగ్గుచేటు, గర్వంగా ఉంది.

ఏడూ నలభై అయిదుకి మొదటి పాట మొదలైంది. అది పాటని తరవాత చెప్పారు. ఆ హాలు హరికథల కోసం కట్టింది, పైన రేకులు. డ్రమ్ములేమో ఊళ్లో ఒక చర్చి వాళ్ల దగ్గర అడిగి తెచ్చినవి. కాలితో మోగించే పెద్ద డ్రమ్ము లోపల బోలుగా ఉండి, ఒక్కో దెబ్బకీ హాలంతా దద్దరిల్లింది. ముందు వరసలో ఫ్లాస్కు మూతలు ఎగిరాయి. వకుళ ముఖం చూశాను. ఆమెకు మిగిలిన ఆ ఒక్క చెవిలో గొంతూ గిటారూ డ్రమ్మూ కలిసి ముద్దయిపోతున్నాయి. ఏదీ విడిగా వినపడక పెదవి కొరుకుతోంది.

నాలుగో పాట అయ్యాక జోన్ చుట్టూ చూసింది. మామూలుగా ఆ డ్రమ్ము కడుపులో ఒక దిండో దుప్పటో కుక్కుతారట, మోత తగ్గడానికి. ఇక్కడ అవేమీ లేవు. ఆమె నన్ను భుజాల మీంచి తీసి, ఉండ చుట్టి, డ్రమ్ము ముందు వైపు కంతలోంచి లోపలికి కుక్కేసింది.

చీకటి. నా జన్మలో అంత అవమానం ఎరగను. గేదె కూడా ఇంత పని చేయలేదు. ఆ వెంటనే మొదటి దెబ్బ పడింది. ధబ్! ఆ దెబ్బ నా పోగు పోగులోకీ దిగింది. ఇన్నేళ్లూ మనుషులు నన్ను కప్పి మాట్లాడుతుంటే విన్నానే కానీ, ఎవరూ నాతో ఇలా సూటిగా ఒక మాట చెప్పలేదు. మోత తగ్గింది. ఆ పైన గిటారు విడిగా వినిపించింది, దాని పైన మార్టిన్ గొంతు. కంతలోంచి చూస్తే వకుళ చెవి మీంచి చెయ్యి తీసి కళ్లు మూసుకుని ఉంది.

అప్పుడు మాస్టారు స్టేజీ ఎక్కారు. అప్పటికి టైము ఎనిమిదీ పది.

ఆయన కోపాన్ని నేను తప్పుపట్టను. శాలువా ఆయన లెక్కలో గుడ్డ కాదు. మార్టిన్ చేతిలోంచి మైకు మర్యాదగానే తీసుకుని, “క్షమించాలి,” అన్నారు. “సన్మాన వస్త్రాన్ని కాలితో తన్నే వాద్యంలో దోపడం…” అని మొదలుపెట్టారు. శాలువా గౌరవం గురించి, వేదిక పవిత్రత గురించి, రాయల కాలం నుంచి తమ సమితి దాకా జరిగిన సత్కారాల గురించి చెప్పారు. బాగా చెప్పారు. నా గురించి అంత బాగా ఎవరూ చెప్పలేదు. నల్ల బనియన్లు మళ్లీ ఈలలు వేశారు. వకుళ కింద నుంచి చేతులు ఊపుతోంది, “మావయ్య గారూ, మావయ్య గారూ,” అంటోంది. నలభై ఏళ్లుగా ఆయన్ని ఏ సభాధ్యక్షుడూ ఆపలేకపోయాడు.

ఎనిమిదిన్నరకి ఎర్రన్నాయుడు లేచి నిలబడ్డాడు.

“మాస్టారూ, టైమైపోనాదండి. ఇంక మైకులు కట్టియ్యాల. ఏటీ అనుకోకండి, పిల్లల పరీచ్చలు.”

మైకులు ఆగిపోయాయి. మార్టిన్ తన చేతిలోని పాటల కాగితం వంక చూసి, వకుళ వంక చూసి, తల అడ్డంగా ఊపాడు. కాగితంలో ఒకటే పాట మిగిలింది. అదే పాట.

వకుళ స్టేజీ ఎక్కింది. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఆ వేళ మాత్రం ఆ నిశ్శబ్దంలో ఆఖరి వరస దాకా వినపడింది.

“మావయ్య గారూ, నాకు కుడి చెవి లేదు. మూడేళ్లయింది. ఎడమది వానల దాకానే. ఆ మిగిలిన పాట వినడానికే వీళ్లని పిలిచాను.”

మాస్టారు ఆగిపోయిన మైకు చేత్తో పట్టుకునే నిలబడ్డారు. రోజూ ఒక పక్కకి ఒరిగి కూర్చునే కోడలు ఆయనకి అప్పుడు కనిపించినట్టుంది.

“ఉన్న ఒక్క చెవినీ నా ఉపన్యాసాలకి ఖర్చుపెట్టావా అమ్మా?”

“కొన్ని బాగానే ఉండేవండీ,” అంది వకుళ. ఏడుస్తూ అంది.

ఆయన మైకు కింద పెట్టి ఎర్రన్నాయుడి వైపు తిరిగారు. “నాయనా, ఆపమన్నది మైకులనా, పాటనా?”

ఎర్రన్నాయుడు టోపీ తీసి తల గోక్కున్నాడు. “పర్మిషను కాయితంలో మైకులనే ఉందండి. ఉత్త గొంతుకి మనమేటి సేస్తాం? తలుపులేసీండి. అయితే ఆ డోలు మాత్తరం గట్టిగా కొట్టీకండి బాబూ.”

మార్టిన్ కరెంటు గిటారు పక్కన పెట్టి మామూలు గిటారు అందుకున్నాడు. జోన్ డ్రమ్ము మీద ఒక్క దెబ్బ వేసి పెదవి విరిచింది. మైకు లేని గొంతుకు ఆ మోత ఎక్కువే. నేనొక్కదాన్ని సరిపోను.

అది మాస్టారికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఆయన మార్టిన్ దగ్గరికి వెళ్లి, “అయ్యా, అనుమతి,” అని అతని భుజం మీది శాలువా తీశారు. మిగతా ఇద్దరివీ తీశారు. తన సంచీలోంచి అదనపు శాలువా తీశారు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, డ్రమ్ము ముందు మోకాళ్ల మీద కూలబడి, ఒక్కొక్కటే మడత పెట్టి లోపలికి దోపారు. చివరికి తన భుజం మీది కండువా కూడా లాగి దోపారు. నలభై ఏళ్ల ఉపన్యాసాల చెమట వాసనతో అది నా పక్కన వచ్చి పడింది. చోటు చాలక నా నమిలిన మూల కంతలోంచి బయటికొచ్చింది. ఇన్నేళ్లూ దాచిన మూల అందరి ముందూ వేలాడింది, మాస్టారు దాన్ని లోపలికి తోయలేదు.

వకుళ డ్రమ్ము ముందు నేల మీద కూర్చుంది. మార్టిన్ మోకాళ్లు పట్టుకుని మూలుగుతూ ఆమె ఎడమ పక్కన చతికిలబడ్డాడు. జోన్ మెల్లగా మొదలుపెట్టింది. వకుళ నా మూలను గుప్పిట్లో పట్టుకుంది. ప్రతి దెబ్బా నాలోంచి ఆమె చేతిలోకి వెళ్లడం నాకు తెలుస్తూనే ఉంది. పాట దేని గురించో నాకు తెలియదు, నాకు ఇంగ్లీషు రాదు. హాలు కిక్కురుమనలేదు. ముందు వరసల్లో విసనకర్రలు ఆగాయి. వెనకాల రెండు వందల బొజ్జలూ ఊపిరి బిగబట్టాయి. క్యాసెట్టులో పాట దూరమైపోయే చోటు వచ్చింది. వకుళ గుప్పిట బిగిసింది. పాట దూరం కాలేదు. దగ్గరికొచ్చింది. గొంతు ఆగింది, గిటారు ఆగింది. ఆఖరికి డ్రమ్ము ఒక్కటే, రెండు దెబ్బలు. ధబ్. ధబ్. అంతే, అయిపోయింది.

వకుళ నవ్వింది. ముప్పై ఏళ్లు ఎదురుచూస్తే ఇంతేనా అని ఆమె అనుకుంటుందేమోనని భయపడ్డాను. “ఇంతేనా!” అనే అంది కూడా. కానీ ఆ నవ్వు చాలాసేపటిదాకా ఆగలేదు.

ఆ హడావుడిలో మమ్మల్ని డ్రమ్ములోంచి తీయడం అందరూ మరచిపోయారు. మూడు ఆదివారాలు చర్చిలో కీర్తనలు విన్నాను. నాలుగో వారం పాస్టరు గారు మా గుట్టు కనిపెట్టి, ఉతికించి, మాస్టారింటికి పట్టుకొచ్చారు. ఊరికే చేతికివ్వడం బాగుండదని నన్ను మాస్టారి భుజాల మీద కప్పారు. అందరికీ కప్పిన మనిషికి అది మొదటి శాలువా. ఆయన రెండు మాటలు మాట్లాడతానని గొంతు సవరించుకుని, “చాలా సంతోషం” అన్నారు. నిజంగా రెండే మాటలు.

వానలొచ్చాయి. డాక్టరు చెప్పిన మాట తప్పలేదు.

ఇప్పుడు నేను బీరువాలో లేను. నడవలోని బల్ల మీద పరిచి ఉన్నాను, నమిలిన మూల పైకి పెట్టి. సాయంత్రం ఉపన్యాసాలు ఆగిపోయాయి. ఆ వేళకి మామా కోడళ్లు బల్లకి చెరో వైపు కూర్చుంటారు. వకుళ నా మీద అరచెయ్యి ఆనిస్తుంది. మాస్టారు చేతికర్ర పిడితో బల్ల మీద ఆ పాట దరువు వేస్తారు. ఆ రోజు స్టేజీ పక్కన నిలబడి ఒక్కసారే విన్నారు, ఎలా గుర్తుందో తెలియదు. అయినా మధ్యలో తప్పుతారు. ఆమె కళ్లు తెరవకుండానే, “పల్లవి రెండోసారి వచ్చినప్పుడు తొందరపడుతున్నారు మావయ్య గారూ,” అంటుంది. ఆయన తల ఊపి మళ్లీ మొదటికొస్తారు.

ఆఖర్న మాత్రం ఆయనకి చేతకాదు. ఏ సభలోనూ ఆపడం నేర్చుకోలేదు కదా. రెండు దెబ్బలతో అయిపోవాలి, మూడోది కొట్టేస్తారు, నాలుగోది కొట్టేస్తారు. ఆమె తన రెండో చెయ్యి చాచి ఆయన చేతిని పట్టుకుని ఆపుతుంది. నెలలుగా ఇదే తంతు.

నిన్న వాన కురిసింది. నడవ పైరేకుల మీద ఆ చప్పుడు నేనూ మాస్టారూ విన్నాం. ఆయన దరువు మొదటి నుంచీ తప్పకుండా వేసుకొచ్చారు. ఆఖరి చోటు దగ్గర పడింది. వకుళ అలవాటుగా చెయ్యి చాచి సిద్ధంగా పెట్టుకుంది. ధబ్. ధబ్.

మాస్టారు ఆపేశారు. ఆమె చెయ్యి ఇంకా అలాగే గాల్లో ఉంది.